ఎనిమిదవ పేరు

గత వేసవిలో ఒక సాయంకాలము నా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. ఉన్నత పాఠశాలలో నాయొద్ద ఐదేండ్లు లెక్కలు నేర్చుకొన్నవాడు. తెలివిగలవాడు, అంతకంటె ముఖ్యముగా, మంచివాడు. ఇప్పుడు మండల కేంద్రములో చిన్న ఎరువుల దుకాణము నడుపుకొనుచున్నాడు. కుశలప్రశ్నలైన పిదప చొక్కాజేబులోనుండి నాలుగు మడతల కాగితమొకటి తీసి నా ముందు పరచెను. దానిపై పదునైదు వలయములు గీయబడియున్నవి. పైన ఒకటి, దాని క్రింద రెండు, వాని క్రింద నాలుగు, అడుగున ఎనిమిది. పై వలయములో అతని పేరే యున్నది. నడిమి వరుసలలో ఆరు పేర్లు. అడుగు వరుసలో ఏడు వలయములు నిండినవి. ఎనిమిదవది ఖాళీగా నున్నది.

"ఇది వ్యాపారం కాదు మాస్టారూ, అప్పూ కాదు. ఒకరికొకరం బహుమతి ఇచ్చుకోవడం. అడుగు వరుసలో చేరిన ఎనిమిదిమందీ తలా పదివేలు పైనున్నవాడికి ఇస్తారు. ఎనభైవేలు ముట్టగానే అతను తప్పుకుంటాడు. పటం రెండుగా చీలుతుంది. తక్కినవాళ్లంతా ఒక మెట్టు పైకి జరుగుతారు. ఇవాళ పదివేలిచ్చినవాడికి రేపు ఎనభైవేలు వస్తాయి," అని అతడు వివరించెను.

"నీకెంత ముట్టింది నాయనా?" అని అడిగితిని.

"డెబ్బైవేలండీ. ఇంకొక్కరే మిగిలారు. ఆ పదివేల కోసం రాలేదు మాస్టారూ, మీ పేరు కోసం వచ్చాను. మీరు చేరారంటే ఊళ్లో ఇంకెవరూ అనుమానపడరు. నా వెనకవాళ్లకి త్వరత్వరగా నిండుతుంది."

ఆ మాట నన్ను ఆలోచింపజేసెను. ఉపాధ్యాయుని జీతమునకంటె అతని మాటకు గ్రామమున విలువ యెక్కువ. ముప్పదియేండ్లు పలక పట్టించిన చేతిని జనము నమ్ముదురు. ఈ కాగితము కోరుచున్నది నా పదివేల రూపాయలను కాదు, ఆ నమ్మకమును. "కాగితం ఇక్కడ ఉంచి వెళ్లు. రేపు ఉదయం రా," అని చెప్పి అతనిని పంపితిని.

గింజల లెక్క

ఆ రాత్రి కాగితము ముందు పెట్టుకొని లెక్క వేసితిని. చదువరులును వేసి చూడవచ్చును. గుణకారము తెలిసిన బాలునికైనను ఇది సాధ్యమే. మొదటి పటము నిండుటకు క్రొత్తవారు 8 మంది కావలెను. నిండిన పటము రెండగును గనుక రెండవ విడతకు 16 మంది కావలెను. మూడవ విడతకు 32, నాల్గవ విడతకు 64. పదవ విడతకు 4,096 మంది. నెలకొక విడత చొప్పున సాగినదనుకొందము. ఇరువదినాల్గవ నెలలో క్రొత్తగా చేరవలసినవారు 6,71,08,864 మంది. అప్పటికే చేరియున్నవారు 6,71,08,863 మంది. 2011 జనాభా లెక్కలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనసంఖ్య సుమారు 8 కోట్ల 46 లక్షలు. అనగా ఒక్క కాగితముతో మొదలైన ఆట రెండేండ్లు నిండకమునుపే, ఊయలలోని శిశువును లెక్కించినను, తెలుగునాట చేర్చుటకు మనుష్యులు చాలరు.

నిజమునకు ఆట అంతదూరము పోదు. ఒక చిన్న పట్టణములోనే ఆగిపోవును. పదునొకండు విడతలు సాగి ఆగినదనుకొందము. అప్పటికి పటములలో పేర్లు వ్రాయించుకొన్నవారు 16,383 మంది. వారిలో సొమ్ము ముట్టినవారు 2,047 మంది. ముట్టనివారు 14,336 మంది. ఏ విడతలో ఆగినను పాలు ఇంచుమించుగా ఇదియే: ఎనిమిదిమందిలో ఒకనికి లాభము, ఏడుగురికి నష్టము.

ఇందులో గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ లెక్కలో దొంగ యెవడును లేడు. అందరును నిజాయితీపరులే యనుకొన్నను, ఒక్క రూపాయియైనను ఎవడును దాచుకొనలేదనుకొన్నను, ఎనిమిదింట ఏడు వంతులవారు నష్టపడియే తీరవలెను. ఏలయన ఇచట ఒక గింజ పండలేదు, ఒక గజము గుడ్డ నేయబడలేదు, ఎవనికిని ఒక పని జరుగలేదు. ఉన్న సొమ్మే చేతులు మారినది. ఒకనికి ఎనభైవేలు రావలెనన్న ఎనిమిదిమంది పదివేలు పోగొట్టుకొనవలెను. మోసము నిర్వాహకుని మనస్సులో నుండనక్కరలేదు. అది పటములోనే కలదు.

చదరంగమును కనిపెట్టినవాడు రాజును కోరిన బహుమానపు కథ మన బాలురందరును వినినదే. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గళ్లు నింపుమని అతడు కోరెనట. మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. ఇరువది స్థానముల సంఖ్య. దీనిని భూతసంఖ్యలతో కూర్చిన తెలుగు పద్యమొకటి ప్రసిద్ధము. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగుచేసిన నాటినుండియు మనవారు లెక్కను పద్యములో పాడుకొనినవారే. అయినను ఆ కథలోని అసలు నీతిని మనము పిల్లలకు చెప్పుట అరుదు. ఏ గడిని తీసికొన్నను అందులోని గింజలు అంతకుముందున్న గళ్లన్నిటి మొత్తముకంటె ఒకటి యెక్కువ. అనగా ఆట ఎప్పుడు ఆగినను, చిట్టచివర చేరినవారే అంతకుముందు చేరినవారందరికంటె ఎక్కువమంది. పైన వ్రాసిన ఇరువదినాల్గవ నెల సంఖ్యలను మరల చూడుడు. అవియును ఒక్కటే తేడా.

విందుబల్ల

ఈ పటము మా మండలములో పుట్టినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కనెక్టికట్ రాష్ట్రమున గిల్‌ఫర్డ్ అను పట్టణము కలదు. 2010 ప్రాంతమున ఆ పరిసరములలోని స్త్రీలు ఇట్టి ఆటనే విందుబల్ల పేరిట ఆడిరి. అడుగు వరుసలోని ఎనిమిదిమందికి విందుకుముందు తినెడి చిరుతిండి పేరు; దాని పైవారికి పులుసు, పచ్చికూరల పేరు; ఇద్దరికి ప్రధాన భోజనము పేరు; పైనున్న యొక్క స్త్రీకి చివరి మిఠాయి పేరు. చేరుటకు 5,000 డాలర్లు. మిఠాయి స్థానమునకు చేరినవారికి 40,000 డాలర్లు. స్త్రీలు ఒకరికొకరు తోడ్పడుటయే దీని ఆశయమనియు, ఇది బహుమతి గనుక పన్ను లేదనియు, న్యాయవాదులు దీనిని ఆమోదించిరనియు చేరువారికి చెప్పబడెను. 2013లో ఈ విషయమై ఇద్దరు స్త్రీలు ఫెడరల్ న్యాయస్థానమున దోషులుగా తేలి కారాగారశిక్ష పొందిరి.

దీనికి పండ్రెండేండ్లు ముందుగా, 2001లో, ఇంగ్లండులో ఇటువంటిదే మరియొకటి వ్యాపించెను. అచట 3,000 పౌనులు ఇచ్చి 24,000 పౌనులు తీసికొనవలెను. డాలర్లు పౌనులైనను, పౌనులు రూపాయలైనను, ఒకటికి ఎనిమిది యన్న మాట మారలేదు. బహుమతి యన్న మాటయు మారలేదు. అప్పు అనిన పత్రము అడుగుదురు. పెట్టుబడి అనిన వ్యాపారమేమని అడుగుదురు. బహుమతి అనిన ఎవరును ఏమియు అడుగరు. ఆ పేరు పెట్టుటలోని చాతుర్యమంతయు ఇదియే.

ఒక దేశము అనుభవము

ఊరిలో మొదలైన ఆట ఊరితో ముగియును. దేశమంతయు ఆటలో దిగినయెడల ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానమును చరిత్ర ఒకచోట వ్రాసియుంచినది. అది అల్బేనియా. ఏడ్రియాటిక్ సముద్రతీరమున, గ్రీసు దేశమునకు ఉత్తరముగా నున్న చిన్న రాజ్యము. ఆనాటి జనసంఖ్య ఇంచుమించు 30 లక్షలు. దాదాపు అర్ధశతాబ్దము బయటి ప్రపంచముతో సంబంధము లేక కమ్యూనిస్టు పాలనలో నుండి, 1990 తరువాతనే విపణి వ్యవస్థలోనికి అడుగిడినది. ప్రభుత్వ బ్యాంకులు శిథిలావస్థలో నుండెను. గ్రీసు, ఇటలీ దేశములకు కూలికై పోయిన బిడ్డలు పంపిన సొమ్ము ఇండ్లలో నిలువయుండెను. దానిని ఎచట దాచవలెనో జనులకు తెలియకుండెను.

అట్టి సమయమున కొన్ని సంస్థలు అధిక వడ్డీకి డిపాజిట్లు తీసికొనుట ప్రారంభించెను. ఇచట పటము, వలయములు లేవు. సభ్యుడు తాను మరియొకరిని చేర్చనక్కరలేదు. కాని పాతవారికిచ్చెడి వడ్డీ క్రొత్తవారి అసలులోనుండియే వచ్చుచుండెను. 1920లో అమెరికాలోని బాస్టన్ నగరమున ఛార్లెస్ పాంజీ, 45 దినములలో నూటికి ఏబది లాభమిత్తునని చెప్పి చేసినది ఇదియే. రూపము వేరు; లెక్క ఒకటే. క్రొత్త సొమ్ము పాత సొమ్మును మించుచున్నంతకాలము అంతయు సక్రమముగనే కనబడును.

1996 ఆరంభమున అల్బేనియాలో ఈ సంస్థలు నెలకు నూటికి 8 చొప్పున వడ్డీ ఇచ్చుచుండెను. పోటీ పెరిగినకొలది వడ్డీయును పెరిగెను. సెప్టెంబరు నాటికి నెలకు నూటికి ముప్పది దాటెను. నవంబరులో ఒక సంస్థ మూడు మాసములలో మూడురెట్లు ఇత్తుననెను. పాదరక్షల కర్మాగారమున పూర్వము పనిచేసిన యొక స్త్రీ నడపుచున్న మరియొక సంస్థ రెండు మాసములలో రెట్టింపు ఇత్తుననెను. ఈ వడ్డీల పెరుగుదలను సంపదకు చిహ్నమని జనులు భావించిరి. నిజమునకు అది రోగి జ్వరము వంటిది. క్రొత్తవారు దొరకుట కష్టమైనకొలది ఎర పెద్దది చేయవలసివచ్చినది.

జనులు ఇండ్లు అమ్ముకొనిరి. రైతులు పశువులను తోలుకొని రాజధాని టిరానాకు వచ్చి, కబేళాకు అమ్మి, ఆ సొమ్ము డిపాజిట్టు చేసిరి. దేశజనులలో మూడింట రెండువంతులవారు ఏదో ఒక సంస్థలో సొమ్ము పెట్టిరని అంచనా. మొత్తము బాకీ సుమారు 120 కోట్ల డాలర్లు. దేశపు వార్షికోత్పత్తిలో దాదాపు సగము. అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు ఆ సంవత్సరమే హెచ్చరించెను. వినినవారు లేరు. కొన్ని సంస్థలు పాలకపక్షమునకు ఎన్నికలలో ధనసహాయము చేసియుండెను. పెద్దల మాటయు, పెద్దల మౌనమును ఆ సంస్థలకు పూచీగా నిలిచెను.

1996 నవంబరులో ఆ స్త్రీ నడపుచున్న సంస్థ చెల్లింపులు నిలిపివేసెను. 1997 జనవరిలో ఒకదాని తరువాత నొకటి కూలెను. దక్షిణమున వ్లోరా మొదలగు పట్టణములలో జనులు వీథులకెక్కిరి. మార్చి నాటికి సైనికులును పోలీసులును విధులు విడిచిపోగా ఆయుధాగారములు కొల్లగొట్టబడెను. లక్షలకొలది తుపాకులు జనుల చేతులకు వచ్చెను. ప్రభుత్వము దిగిపోయెను. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అనుమతితో ఇటలీ నాయకత్వమున బహుళదేశ సేన వచ్చి నిలువవలసివచ్చెను. ఆ కల్లోలములో చనిపోయినవారు సుమారు రెండువేలమంది.

వడ్డీకి ఆశపడిన దేశము తుపాకీ పట్టుకొనుట విచిత్రముగా తోచవచ్చును. కాని ఆలోచించినచో విచిత్రము లేదు. అడుగు వరుసలో నిలిచినవానికి క్రింద ఎవరును లేరు. తన నష్టమును దింపుకొనుటకు అతనికి మరియొక భుజము దొరకలేదు.

చీటీ వేరు, చక్రము వేరు

మన తెలుగువారికి చీటీపాట అనాదిగా అలవాటు. కావున ఈ బహుమతి పటమును చూచి "ఇదియును ఒక చీటీయే గదా" యని చేరువారు కలరు. రెంటికిని భేదము తెలిసికొనవలెను. ఇరువదిమంది నెలకు ఐదేసివేల చొప్పున ఇరువదినెలలు కట్టు చీటీలో మొదటినాడెంతమందియో చివరినాడును అంతేమంది. క్రొత్తవారు అక్కరలేదు. ప్రతివాడును ఒకసారి పాడుకొనును. ముందుగా తీసికొన్నవాడు కొంత తగ్గించుకొని తీసికొనును. ఆ తగ్గింపు, నిర్వాహకుని కమీషను పోగా, తక్కినవారికి పంచబడును. ఇరువదవ నెలలో లెక్క ముగియును. నిర్వాహకుడు పరారియైనను, పాడుకొన్నవాడు వాయిదాలు ఎగవేసినను చీటీ మునుగవచ్చును. అందులకే 1982 చిట్ ఫండ్స్ చట్టము కలదు, రిజిస్ట్రేషను కలదు. అనగా చీటీ నడుచునంతకాలము అందరికిని ముట్టును. మనుష్యుడు తప్పు చేసిననే మునుగును. ఈ చక్రము, మనుష్యుడు తప్పు చేయకున్నను మునుగును.

మన దేశమున ద్రవ్యచలామణి పథకములను నిషేధించుచు 1978లోనే పార్లమెంటు చట్టము చేసినది. క్రొత్త సభ్యులను చేర్చుటపై ఆధారపడి సులభముగా సొమ్ము ముట్టునని ఆశపెట్టు ఏ పథకమైనను ఈ చట్టము క్రిందికి వచ్చును. నడపినవాడే కాదు, సభ్యుడుగా చేరినవాడును, ఆ నిమిత్తము సొమ్ము పంపినవాడును, పుచ్చుకొన్నవాడును చట్టమును ఉల్లంఘించినవాడే. మూడేండ్లవరకు కారాగారశిక్ష విధింపవచ్చును. సరుకు అమ్మకము ముసుగులో సాగు గొలుసులను నిషేధించుచు 2021లో వినియోగదారుల రక్షణ చట్టము క్రింద నియమములు వచ్చినవి. మోసపోయితినని పోలీసు ఠాణాకు పోదలచినవాడు తానును చట్టము దాటినవాడే యగుట ఇందులోని మరియొక చిక్కు. అందుచేతనే పెక్కుమంది నోరు మెదపక ఊరకుందురు. ఆ మౌనము తరువాతి పటమునకు దారి తీయును.

నింపని వలయము

మరునాడు ఉదయము అతడు వచ్చెను. నేను వేసిన లెక్క చూపితిని. ఒక్క నిమిషములో గ్రహించెను. గ్రహింపకేమి? పదవ తరగతిలో గుణశ్రేఢి నేనే చెప్పితిని. పరీక్షలో అతడు ఒక్క తప్పైనను చేయలేదు. అప్పుడు నాకు తోచినది: లోపము అతని లెక్కలో లేదు, నా పాఠములో కలదు. చదరంగపు గింజలతో శ్రేఢి చెప్పితిని, సూక్ష్మక్రిములతో చెప్పితిని, కాని మనుష్యులతోను, వారి సొమ్ముతోను ఒక్కనాడును చెప్పలేదు. పాఠ్యపుస్తకములోని గింజలు వేరు, జేబులోని రూపాయలు వేరు అని బాలుడు అనుకొన్నచో ఆ తప్పు ఎవరిది?

"అడుగు వరుసలో ఉన్నవాళ్ల పేర్లు ఒకసారి చదువు నాయనా," అంటిని. చదివెను. దుకాణములో మూటలు మోయు కుర్రవాడు. పొరుగింటి దర్జీ. ఇద్దరు కౌలురైతులు. అతని తోడల్లుని చెల్లెలు. బస్టాండువద్ద పండ్లమ్మునతడు. ఏడవ పేరు దగ్గర ఆగెను. ఆమె మా పాఠశాలలో మధ్యాహ్నభోజనము వండునామె, భర్త లేడు. పొదుపు సంఘములో అప్పు తీసి పదివేలు తెచ్చినదట.

"ఈవిడ ఎనిమిదిమందిని ఎక్కడినుంచి తెస్తుంది?" అని అడిగితిని. అతడు మాటాడలేదు.

ఈ ఆటలోని క్రౌర్యమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది. జేబుదొంగ మన సొమ్ము తీసికొని పోవును. మనలను దొంగగా మార్చడు. ఇచట మోసపోయినవాడు బయటపడవలెనన్న మరియొకని మోసపుచ్చవలెను. అపరిచితుడు నమ్మడు గనుక, నమ్మినవానినే, అనగా మేనమామను, బావమరదిని, తనవద్ద పనిచేయువానిని పట్టుకొనవలెను. గొలుసు ఎవనియొద్ద తెగునో వాడే నష్టమును మోయవలెను. మోయుటకు ఇష్టపడనివాడు దానిని మరియొక బీదవాని నెత్తిన పెట్టి ముందునకు నడచును. అందుచేత ఈ విషయమున మంచివానికి మిగులు మార్గమొక్కటే: తెలిసి తెలిసి నష్టపడుట.

అతడు ఆ మార్గమునే పట్టెను. డెబ్బైవేలలో సగము అప్పటికే దుకాణపు బాకీలకు పోయినది. మోటారుసైకిలు అమ్మి, తక్కినది నెలనెలకు కొంత చొప్పున, ఐదు మాసములలో ఏడుగురికిని తిరిగి యిచ్చెను. మొదట చెల్లించినది వంటచేయునామెకు. తాను చేరునాడు ఇచ్చిన పదివేలు రాలేదు. నడిమి వరుసలోని ఆరుగురి సొమ్ము వారికి పైనున్నవారికి ఎప్పుడో ముట్టినది, అదియును రాలేదు. వారిలో అతని మేనమామ యొకడు. "నీ వంతు నువ్వు తీసుకుని ఉంటే తరవాత మా వంతు వచ్చేది గదరా" యని ఆయన కోపము. పండుగకు రాకపోకలు లేవు. లెక్క చెప్పి ఒప్పింపవలెనని నేనును ఒకసారి పోయితిని. ఆయన మంచినీళ్లిచ్చెను గాని మాట వినలేదు.

ఆ కాగితము నాయొద్దనే యున్నది. ఈ మధ్య మా ఊరి పాఠశాలలో గణితోపాధ్యాయుడు సెలవులో నుండగా రెండు దినములు పాఠము చెప్పుమని పిలిచిరి. పేర్లు కనబడకుండ వలయములు మాత్రము నల్లబల్లపై గీసి పదవ తరగతి బాలబాలికలకు చూపితిని. "దీనిలో చివరివాడికి డబ్బెప్పుడు వస్తుంది?" అని అడిగితిని. చాలమంది గుణించుట మొదలిడిరి. వెనుక బల్లపైనున్న యొక బాలిక మాత్రము కలము ముట్టలేదు.

"చివరివాడంటే తర్వాత ఎవరూ లేనివాడే కదండీ? ఇంక వాడికి ఎవరిస్తారు?" అనినది.

ఆ బాలిక వంటచేయునామె కుమార్తె యని తరువాత తెలిసినది.